తిమ్మమ్మ మర్రిమాను, ముదిగల్లు రాకాసి గుళ్ళు: నిదానంగా చూసే పద్ధతి

తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అరగంటలో వెనక్కి తిరుగుతారు. గుడిలో దండం పెట్టుకుని, ఊడల మధ్య నాలుగు సెల్ఫీలు దిగి, "అబ్బ, ఎంత పెద్దదో" అనుకుంటూ బండెక్కేస్తారు. కళ్యాణదుర్గం వైపు ముదిగల్లు గుట్టల్లోని రాకాసి గుళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఆ దారిలో ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళకు కూడా అక్కడ రెండు వేల ఏళ్ళు దాటిన సమాధులున్నాయని తెలియదు.

నేను పుట్టింది కదిరి దగ్గర పల్లెలో. సోషల్ టీచరుగా పనిచేసేది కళ్యాణదుర్గం వైపు. ఏటా హైస్కూలు పిల్లలను ఈ రెండు చోట్లకూ తీసుకుపోతుంటాను. ఈ మానునూ ఈ గుళ్ళనూ వాటికి దెబ్బ తగలకుండా, చూసినవాళ్ళకు ఏదైనా నిజంగా తెలిసేలా ఎలా చూడాలో రాస్తున్నాను. పిల్లలతో పోయినా, ఇంటిల్లిపాదీ పోయినా పద్ధతి ఇదే.

రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. మర్రిమాను కదిరి నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో, గూటిబైలు దగ్గర ఉంది. జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, ముదిగల్లు అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. మధ్య దూరం చాలా ఎక్కువ. రెండింటినీ ఒక రోజులో ఇరికిస్తే పొద్దంతా బస్సులోనే గడిచిపోతుంది, పిల్లలు వాంతులు చేసుకుంటారు, చూసేది ఏమీ ఉండదు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ గురించే కాదు నేను చెప్పేది. వానలు పోయి గడ్డి ఎండి, గొర్రెలు మేసేసిన తర్వాతే గుట్ట మీద రాళ్ళ వరుసలు కంటికి ఆనుతాయి. శివరాత్రికి మర్రిమాను దగ్గర పెద్ద జాతర జరుగుతుంది. జాతర చూడాలంటే అప్పుడు పోండి, మానును చూడాలంటే ఆ వారం వదిలేయండి.

సంచిలో ఇవి పెట్టుకోండి: 30 మీటర్ల గుడ్డ టేపు, బడి పిల్లల స్కేలు ఒకటి, గళ్ళ కాగితాల నోటుబుక్కు, పెన్సిళ్ళు, దిక్సూచి ఉన్న ఫోను, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. గుట్టకు పోయేటప్పుడు కాళ్ళకు బూట్లు తప్పనిసరి, చేతిలో ఒక కర్ర. సుద్దముక్క, పెయింటు, పార, గునపం ఇంట్లోనే ఉండాలి. తిండికి మేం పొద్దున ఉగ్గాని పొట్లాలు కట్టించుకుంటాం. చెడిపోదు, చేతులకు జిడ్డు కాదు.

మాను దగ్గర

లోపలికి పోకముందే బయట నిలబడి ఒక్క పని చేయండి. మాను ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో వేలితో చూపించమని పిల్లలను అడగండి. ఎవరూ సరిగ్గా చూపించలేరు. అది ఒక చెట్టో, చిన్న అడవో తేల్చుకోలేక వాళ్ళలో వాళ్ళే వాదులాడుకుంటారు. ఆ వాదన కాసేపు జరగనివ్వండి, తర్వాత మీరు చెప్పబోయేదానికి అదే పునాది.

ఈ మాను 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. కర్ణాటకకు చెందిన పత్రికా ఫోటోగ్రాఫర్ రెగ్రెట్ అయ్యర్ పట్టుబట్టి దాని సంగతి బయటి ప్రపంచానికి తెలియజేశారు. కొమ్మలు పరుచుకున్న చోటు 19,107 చదరపు మీటర్లని లెక్క. అంకె చెబితే పిల్లల ముఖాల్లో ఏ కదలికా ఉండదు. మన లెక్కలోకి మార్చి చెప్పాలి. సెంటుకు 40 చదరపు మీటర్ల పైచిలుకు, అంటే ఇది 4 ఎకరాల 72 సెంట్లు. "మీ నాయన సెనక్కాయ వేసే చేను ఎంత?" అని అడగండి. రెండెకరాలు, మూడెకరాలు అంటారు. తమ చేను మొత్తం ఈ ఒక్క చెట్టు నీడలో పట్టి ఇంకా మిగులుతుందని తెలిసినప్పుడు తల పైకెత్తి చూస్తారు.

కొలవాలనుంటే మీరే కొలవచ్చు. ఇప్పుడు రైతుల ఫోన్లలో పొలం కొలిచే యాప్‌లు ఉంటున్నాయి. దాన్ని తెరిచి, కొమ్మల చివర్ల కిందుగా బయటి అంచు వెంబడి ఒక చుట్టు తిరిగి రండి. కంచె అడ్డం వచ్చిన చోట కంచె వెంబడే పోండి, లెక్క కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఊళ్ళో చెట్లకైతే టేపు చాలు. ముందు నడకలో మీరు వేసే ఒక అడుగు ఎంత పొడవో తేల్చుకోండి. నేల మీద 20 మీటర్లు టేపు పరిచి, మామూలు నడకతో నడిచి, 20ని అడుగుల సంఖ్యతో భాగిస్తే ఒక అడుగు పొడవు వస్తుంది. కొమ్మలు పరుచుకున్న వెడల్పును తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి ఆ అడుగులతో కొలిచి, మీటర్లలోకి మార్చి, రెండింటి సగటు తీసి, ఆ సగటును దానితోనే గుణించి, మళ్ళీ 0.785తో గుణించండి. గుడి ముందరి రావిచెట్టు ఒక వైపు 20 మీటర్లు, ఇంకో వైపు 24 మీటర్లు ఉందనుకోండి. సగటు 22. లెక్క వేస్తే 380 చదరపు మీటర్లు, తొమ్మిదిన్నర సెంట్లకు దగ్గర. మాను చుట్టుకొలత తీసేటప్పుడు అడవి శాఖవాళ్ళ లాగానే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టాలి. అందరూ ఒకే ఎత్తున కొలిస్తేనే ఒక చెట్టును ఇంకో చెట్టుతో పోల్చవచ్చు.

మర్రికి మాత్రం చుట్టుకొలత పనికిరాదు. దానికి ఒక మొదలంటూ నిలవదు. కోల్‌కతా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికి బూజు తెగులు పట్టి 1925లో అసలు మొదలునే తీసేశారు. అయినా ఊడల మీద అది ఈనాటికీ పెరుగుతూనే ఉంది. కాబట్టి తిమ్మమ్మ మాను దగ్గర కొలవాల్సింది, గమనించాల్సింది ఊడలనే. మూడు రకాల ఊడలు వెతకమని పిల్లలకు చెబుతాను: గాలిలో వేలాడుతూ కొస లేతగా ఉన్నది, నేలను ఇప్పుడిప్పుడే పట్టుకున్నది, మాను లాగా లావెక్కి పైకొమ్మను మోస్తున్నది. ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తే చెట్టు ఎలా నడుస్తుందో వాళ్ళకే అర్థమవుతుంది. ఇక్కడ ఊడలు వెయ్యికి పైనే ఉన్నాయి. లేత ఊడకు వెదురుబొంగు తొడిగి, లోపల మట్టి నింపి నేల దాకా దించడం పెద్ద మర్రులను కాపాడేవాళ్ళు చేసే పని. అలాంటిది కనిపిస్తే దగ్గరికి పోయి చూడండి, ముట్టుకోవద్దు.

ఊడ పట్టుకుని ఊగవద్దు. ఈ మాట నేను బస్సులోనే గట్టిగా చెబుతాను, అక్కడికి పోయాక చెబితే ఎవరికీ వినపడదు. లేత కొస తెగితే ఆ ఊడ నేలను చేరదు. అది చేరకపోతే ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత పైనున్న కొమ్మకు ఆసరా ఉండదు, పెద్ద గాలికి విరుగుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ముసలి చెట్టుకు వైద్యం ఎంత కష్టమో పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క ఫోటో చాలు. మొదళ్ళ దగ్గర మట్టిని తొక్కి గట్టిపరచవద్దు. బెరడు మీద పేర్లు చెక్కిన చోట్లు చూపించి, ఆ గాయం చుట్టూ బెరడు ఎలా ముడుచుకుపోయిందో చూడమనండి.

రాలిన మర్రిపండు ఒకటి తీసుకుని చీల్చండి. మర్రి పువ్వు బయట ఎక్కడా కనిపించదు, పువ్వులన్నీ ఈ పండు లోపలే ఉంటాయి. వాటికి పుప్పొడి అందించేది ఆవగింజ కన్నా చిన్న కందిరీగ. ఆ పురుగు లేకపోతే మర్రికి విత్తనం లేదు, మర్రిపండు లేకపోతే ఆ పురుగుకు ఇల్లు లేదు.

స్థలపురాణం ప్రకారం తిమ్మమ్మ 1394లో పుట్టింది, 1434లో భర్త చితి మీద సహగమనం చేసింది, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయింది. పిల్లలు లేనివాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. చేతులు జోడించి నిలబడిన అవ్వల ముందు నేను వాదనకు దిగను. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి చెబుతాను: సతీ సహగమనాన్ని 1829లో నిషేధించారు, ఒక ఆడమనిషి బతుకు అలా ముగియడం ఎవరికీ గొప్ప కాదు. మానును ప్రేమించడానికి ఆ చితిని పొగడాల్సిన అవసరం లేదు.

రాకాసి గుళ్ళ దగ్గర

మాను దగ్గర చూడటానికి కళ్ళుంటే చాలు. ఇక్కడ ముందు కంటికి కొంచెం చదువు చెప్పాలి. మొదటిసారి పోయినవాళ్ళకు బండలూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ కనిపించవు.

మన వైపు వీటిని రాకాసి గుళ్ళు, పాండవుల గుళ్ళు అంటారు. సరిహద్దు దాటితే కన్నడం వాళ్ళు మోరేర మనె అంటారు, పొట్టి మనుషులు కట్టుకున్న ఇళ్ళని వాళ్ళ నమ్మకం. నిజానికి ఇవి ఇనుము వాడకం నేర్చిన తొలికాలపు మనుషుల సమాధులు. దక్షిణ భారతంలో క్రీస్తుపూర్వం 1000 ప్రాంతం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా ఈ ఆచారం నడిచింది. పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కిన నాటికి కూడా జనం ఇలాంటి సమాధులు, అంటే రాతి గూళ్ళు, కడుతూనే ఉన్నారు. పాఠంలో అశోకుడు ఒక చోట, ఇనుపయుగం ఇంకో చోట ఉంటాయి. అశోకుడూ, ఈ గూళ్ళు కట్టినవాళ్ళూ ఒకే కాలంలో బతికారంటే పిల్లలు ఆశ్చర్యపోతారు.

పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య గుట్ట దగ్గర ఉండేలా బయల్దేరండి. ఎండ వాలుగా పడుతున్నప్పుడు భూమిలో సగం కూరుకున్న రాళ్ళకు కూడా పొడవాటి నీడలు వస్తాయి, గుండ్రటి వలయాలు బయటపడతాయి. పదకొండు దాటితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

గూడు ఎలా ఉంటుందంటే, నాలుగు వైపులా నిలబెట్టిన రాతిపలకలు, కింద పరిచిన పలక, పైన మూతగా పెద్ద బండ. నిలువు పలకల్లో ఒకదానికి గుండ్రటి రంధ్రం ఉండవచ్చు. చుట్టూ గుండ్లతో వలయం. కొన్నిచోట్ల గూడు భూమిలోపలే ఉండి, పైకి వలయం, మధ్యలో చిన్న రాళ్ళ కుప్ప మాత్రమే కనిపిస్తాయి. రైతులు చేను చదును చేస్తూ పోసిన రాళ్ళకుప్పను చూసి సమాధి అనుకోకుండా ఉండాలంటే వలయాన్ని చూడాలి. గట్టు మీద పోసిన కుప్పలో పెద్దా చిన్నా అన్నీ కలగలిసి ఉంటాయి. సమాధి వలయంలో గుండ్లు ఇంచుమించు ఒకే సైజులో, ఏరి తెచ్చి పెట్టినట్టు ఉంటాయి. పలక అంచు కూడా చూడండి. వరసగా ఉలి గుంతలు ఉంటే అది సాధారణంగా తర్వాతి కాలంలో కొట్టిన రాయి. మంట పెట్టి, నీళ్ళు చల్లి, పొరలుగా లేపిన పలకలకు అలాంటి గుంతల వరస ఉండదు.

ఇక్కడ ఒక ప్రయోగం చేయిస్తాను. నలుగురు పిల్లలను పిలిచి నాలుగు పరీక్ష అట్టలు ఇచ్చి, మూలలు మూలలకు ఆనించి పెట్టె లాగా నిలబెట్టమంటాను. బయటి నుంచి ఒక్క వేలితో నెడితే పడిపోతుంది. తర్వాత ప్రతి అట్టా పక్క అట్టను దాటి కొంచెం బయటికి వచ్చేలా, స్వస్తిక్ గుర్తు లాగా నిలబెట్టమంటాను. ఇప్పుడు నెడితే ఒకదాన్ని ఒకటి బిగించుకుని నిలుస్తాయి. చాలా గూళ్ళలో పలకలు ఈ పద్ధతిలోనే ఉంటాయి. చుట్టూ మట్టి నొక్కేకొద్దీ గూడు గట్టిపడుతుంది. సిమెంటు లేకుండా రెండు వేల ఏళ్ళు నిలబెట్టిన మేస్త్రీల తెలివి అది. దాన్ని పుస్తకంలో బొమ్మ వేసి చెప్పడం కన్నా అట్టలతో చేయిస్తే జన్మలో మరచిపోరు.

రంధ్రం ఏ దిక్కుకు ఉందో ఫోను దిక్సూచితో చూసి ప్రతి గూటికీ రాసుకోండి. తూర్పు వైపు ఎక్కువగా వస్తాయి. లోపలి చోటు కూడా బయటి నుంచే అంచనా వేయండి. చాలా గూళ్ళలో ఒక మనిషి కాళ్ళు చాపి పడుకునేంత చోటుండదు. చనిపోయినవాళ్ళను ముందు వేరే చోట ఉంచి, తర్వాత ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ పెట్టే ఆచారం ఉండేది, అందుకే. రాయదుర్గం దాటితే కర్ణాటకలో మొలకాల్మూరు తాలూకా బ్రహ్మగిరి వస్తుంది. అక్కడ 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఇలాంటి గూళ్ళను తవ్వించినప్పుడు ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. ఆ ఇనుపయుగపు కుండ పెంకు కనిపిస్తే గుర్తుపట్టడం తేలిక. బయట ఎరుపు, లోపలా అంచూ నలుపు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడుతుంది. చూడండి, ఫోటో తీయండి, ఉన్నచోటే వదిలేయండి. జేబులోకి పోయిన పెంకు ఏ గూటిదో ఎవరూ చెప్పలేరు, అది వట్టి పెంకు అయిపోతుంది.

కడప వైపువాళ్ళకు ఒక మాట. మీ జిల్లా శంఖవరంలో దొరికిన, జంతువు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చెన్నై పోయినప్పుడు పిల్లలకు తప్పకుండా చూపించండి. ఎముకలు పెట్టడానికి అంత ముద్దుగా, కాళ్ళతో సహా చేసినవాళ్ళు తమ చచ్చినవాళ్ళను ఎంత ప్రేమించి ఉంటారు!

గుట్ట మీద నడిచేటప్పుడు మూతబండల మీద ఎక్కవద్దు. రంధ్రంలో చేయి పెట్టవద్దు. మర్యాద కోసమే కాదు, లోపల తేళ్ళు, పింజరిపాములు ఉంటాయి. సీతాఫలాల కాలంలో ఎలుగుబంట్లు దిగుతాయి. తెల్లవారకముందూ, పొద్దుగూకాకా అక్కడ ఉండవద్దు. పోయే ముందు ఊళ్ళో ఎవరికైనా చెప్పి పోండి.

అసలు దారి చూపించేది గొర్రెల కాపరులే. మ్యాపులో లేనివి వాళ్ళకు తెలుసు. "తాతా, ఇట్ల పలకలు నిలబెట్టి పైన బండ పెట్టినవి ఇంకా యాడన్నా ఉండాయా?" అని అడిగితే చాలు. ఒక పెద్దాయన నాతో, "వంక అవతల ఉండాయి టీచరమ్మా. పోయినేడు ఎవురో రాత్రిపూట తవ్వి, ఏం దొరక్క బండలు దొర్లించి పోయినారు" అన్నాడు. పోయి చూస్తే గూటి మధ్యలో నడుములోతు గుంత, పక్కన ఎండిపోయిన నిమ్మకాయలు, ముక్కలైన పలక. నాకు ఏడుపొచ్చింది.

గుప్తనిధుల పిచ్చి ఈ సమాధులకు పట్టిన పెద్ద చీడ. ఈ గూళ్ళలో ఉండేది పగిలిన కుండలు, తుప్పు పట్టిన ఇనుము, పొడి అవుతున్న ఎముకలు. ఈ మాట ఊళ్ళో, టీ అంగడి దగ్గర, పిల్లల తల్లిదండ్రుల మీటింగులో చెప్పండి, నేను చెబుతుంటాను. చట్టం సంగతీ చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కానీ మన గుట్టల్లోని గూళ్ళలో ఎక్కువ భాగం రక్షిత జాబితాలో లేవు. పోరంబోకులోనో, ఎవరో ఒకరి పట్టా చేనులోనో ఉన్నాయి. అందుకే రాసిపెట్టే పని మనమీద పడింది.

మీ ఊరి దగ్గర కనిపిస్తే

ఒక్కో గూటికి నోటుబుక్కులో ఒక పేజీ ఇవ్వండి. నంబరు కాగితం మీదే వేయండి, రాయి మీద కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు, వలయం అడ్డకొలత, రంధ్రం దిక్కు, పలకలు పడిపోయాయా నిలిచి ఉన్నాయా, కొత్తగా తవ్విన గుంత ఉందా, ఇవి రాయండి. స్కేలు పక్కన పెట్టి నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీయండి. ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. ఆ ఫోటోలను లొకేషన్‌తో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. తవ్వేవాళ్ళూ ఆ గ్రూపుల్లోనే ఉంటారు.

తర్వాత ఊరి సచివాలయంలో వీఆర్వోను అడిగి ఆ చోటు సర్వే నంబరు తెలుసుకోండి. సర్వే నంబరు లేని అర్జీ ఏ ఆఫీసులోనూ ముందుకు పోదు. అర్జీ ఒక పేజీలో రాసి, నోటుబుక్కు పేజీల నకళ్ళు జతచేసి, తహసీల్దారుకు ఒకటి, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒకటి ఇవ్వండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కు పోండి, రసీదు తీసుకోండి. చేను పట్టాదారుది అయితే అన్నిటికన్నా ముందు ఆయనతో మాట్లాడండి. "మామా, నీ భూమి ఎవరూ లాక్కోరు, ఈ రాళ్ళను జేసీబీతో దొబ్బించకుండా ఉంటే చాలు" అని కూర్చుని చెబితే చాలామంది వింటారు. అర్జీ ముందు పెట్టి తర్వాత ఆయన దగ్గరికి పోతే ఆ రాళ్ళు వారంలో మాయమవుతాయి.

నోటుబుక్కు నకలు ఒకటి బడిలో ఉంచండి. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా జనవరిలో అదే చోట నిలబడి, అదే దిక్కు నుంచి, ఒక్కో గూటికి ఒక ఫోటో తీసి కిందటేటి ఫోటో పక్కన అంటిస్తారు. ఏ బండ కదిలిందో, ఎక్కడ కొత్త గుంత పడిందో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది. అది పట్టుకుని మరుసటి సోమవారమే మళ్ళీ గ్రీవెన్స్‌కు పోవచ్చు.